కూలే చరియలకే అందం ఎక్కువ

కొండ అంచున నిలబడ్డవాడికి కొండ కనిపించదు. కాళ్ళ కింద గడ్డి, ఎదురుగా నీళ్ళు, నెత్తిన ఆకాశం. చెయ్యి చాచి, నడుం వంచి ఫోన్ ఎంత కిందికి దించినా ఫ్రేములో పడేది కాస్త నురగ, ఓ బండ మూల, తన చెప్పుల కొనలు. అయినా సముద్రం ఒడ్డున ఎత్తైన చరియ ఎక్కడుంటే అక్కడ జనం వరసగా అంచుకే చేరతారు. ఫోటో బాగా రావాలంటే అంతకన్నా పనికిరాని చోటు ఆ చుట్టుపక్కల ఉండదు. ప్రాణానికి అంతకన్నా చెడ్డ చోటూ ఉండదు.

ఇంగ్లండ్ దక్షిణ తీరంలోని సెవెన్ సిస్టర్స్ తెల్ల చరియల సంగతే చూడండి. క్యాలెండర్లలో, కంప్యూటర్ తెరల మీద చాలామంది చూసిన ఫోటో ఒకటుంది. ముందువైపు రెండు మూడు చిన్న ఇళ్ళు, వాటి వెనక ఎగుడుదిగుడుగా సాగిపోయే తెల్లటి గోడ. అది ఆ గోడ మీది నుంచి తీసింది కాదు. కక్‌మియర్ నది సముద్రంలో కలిసే చోటుకు ఇవతలి ఒడ్డున, సీఫోర్డ్ హెడ్ అనే ఎదురు కొండ మీది నుంచి తీసింది. లండన్‌లోనో బ్రైటన్‌లోనో చదువుకునే మన పిల్లలు శనాదివారాల్లో అంత దూరం వెళ్ళి, తీరా చరియ అంచున కాళ్ళు వేలాడేసి దిగిన ఫోటోల్లో ఆ చరియే ఉండదు. దాన్ని చూడాలంటే పక్క కొండకో, తీరం వంపు తిరిగిన చోటుకో వెళ్ళాలి. దాని ముఖం, అందులోని పొరలు, అడుగున సముద్రం కొరికిన గాడి అక్కడి నుంచే కనిపిస్తాయి.

ఆ గోడ అంతా సుద్ద. 8 కోట్ల ఏళ్ళకు పైగా కిందట, డైనోసార్లు తిరుగుతున్న రోజుల్లో, సముద్రంలో తేలే ఏకకణ నాచు జీవుల సున్నపు పలకలు అడుగుకు చేరి, పేరుకుని, గట్టిపడి రాయి అయ్యాయి. సుద్ద తెల్లగా ఉండటంలో వింతేమీ లేదు. ఇన్నేళ్ళ ఎండకూ వానకూ నాచుకూ గడ్డికీ లోనై కూడా తెల్లగా మిగలటమే వింత. దానికి కారణం ఒకటే: అది ఎప్పటికప్పుడు కూలిపోతోంది. కెరటాలు అడుగు తొలిచేస్తే పైభాగం విరిగిపడుతుంది, లోపలి తాజా సుద్ద బయటపడుతుంది. దక్షిణ ఇంగ్లండ్‌లోనే కొన్ని చోట్ల చరియల పాదాల దగ్గర కాంక్రీటు గోడ కట్టి కెరటాలను ఆపారు. అలాంటి చోట సుద్ద క్రమంగా మాసి బూడిదరంగుకు తిరిగి, పగుళ్ళలో మొక్కలు మొలుస్తాయి. దాన్ని ఫోటో తీయటానికి ఎవరూ బస్సెక్కి రారు. నిలకడగా ఉన్న చరియ చూపరులకు ఉత్త పచ్చటి వాలు. మనల్ని ఆకర్షించే నిట్టనిలువు ముఖమూ, మెరిసే రంగూ, గాలిలోకి పొడుచుకొచ్చిన అంచూ ఇటీవల ఏదో విరిగిపడిందనీ, త్వరలో మరేదో విరిగిపడబోతోందనీ చెప్పే గుర్తులు.

విరగటం ఎలా జరుగుతుందో తెలిస్తే ఎక్కడ నిలబడాలో కూడా తెలుస్తుంది. కెరటం వచ్చి రాతిని తాకినప్పుడు రాతి పగుళ్ళలో ఉన్న గాలి ఇరుక్కుని నొక్కుకుపోతుంది. కెరటం వెనక్కి తగ్గగానే ఆ గాలి ఒక్కసారిగా వ్యాకోచించి పగులును మరింత తెరుస్తుంది. ఇది రోజుకు వేలసార్లు జరుగుతుంది. దానికి తోడు కెరటం ఉత్త చేతుల్తో రాదు, గులకరాళ్ళు మోసుకొస్తుంది. సెవెన్ సిస్టర్స్ దగ్గర ఆ గులకరాళ్ళు సుద్ద పొరల మధ్య నుంచి రాలిన చెకుముకి రాళ్ళే. అంటే కూలిన చరియే మిగిలిన చరియను కొట్టే ఆయుధాలు అందిస్తుంది. పగుళ్ళలోకి చేరిన ఉప్పునీరు ఆరినప్పుడు ఉప్పు స్ఫటికాలు పెరిగి రేణువులను విడదీస్తాయి. పై నుంచి వాననీరు దిగి రాతి బరువు పెంచుతుంది. ఇన్ని దెబ్బలకు అడుగున గాడి పడుతుంది, పైభాగం ఆధారం లేకుండా వేలాడుతుంది. అప్పుడు అంచుకు కాస్త వెనక, అంచుకు సమాంతరంగా, గడ్డిలో సన్నటి పగులు కనిపిస్తుంది. రేపు విరిగే గీత అదే. పైన నిలబడ్డవాళ్ళకు గాడి కనిపించదు, పగులును గడ్డి దాచేస్తుంది. కిందున్న వాళ్ళకు గాడి కనిపిస్తుంది గానీ, ఆ గాడిలో నీడ బాగుందని అక్కడే దుప్పటి పరుచుకుంటారు!

ఈ కోత వేగం కొలిచిన పద్ధతి నాకు ఈ చరియల కన్నా అందంగా కనిపిస్తుంది. పాత పటాలు, పాత ఫోటోలు పోల్చితే సుమారు 150 ఏళ్ళ లెక్క తేలుతుంది. అంతకు ముందు సంగతి? చరియ వెనక్కి జరిగినప్పుడు దాని అడుగున చదునైన రాతి అరుగు మిగులుతుంది. అంతరిక్షం నుంచి నిత్యం కురిసే కాస్మిక్ కిరణాలు ఆ అరుగులోని చెకుముకి రాయిని తాకి, అందులోని ఆక్సిజన్ పరమాణువులను పగలగొట్టి బెరీలియం-10 అనే అరుదైన ఐసోటోపును పుట్టిస్తాయి. పైన చరియ ఉన్నంతకాలం దాని మందం ఈ కిరణాలను అడ్డుకుంటుంది. అది కూలిన నాటి నుంచి అరుగులో బెరీలియం పోగుపడటం మొదలవుతుంది. కాబట్టి సముద్రం వైపు నుంచి చరియ వైపు నడుస్తూ వరసగా నమూనాలు తీసి లెక్కపెడితే, చరియ ఏ కాలంలో ఎక్కడ ఉండేదో రాయే చెబుతుంది. 2016లో వెలువడిన ఆ ఫలితం ప్రకారం గడచిన కొన్ని వేల ఏళ్ళలో ఆ చరియలు ఏడాదికి 2 నుంచి 6 సెంటీమీటర్ల చొప్పున వెనక్కి తగ్గాయి. గత 150 ఏళ్ళలో మాత్రం అది ఏడాదికి 22 నుంచి 32 సెంటీమీటర్లయింది. చరియ ముందు మెత్తలా ఉండి కెరటాల దెబ్బ కాచే గులకరాళ్ళ తీరం పలచబడటమే ఇందుకు ముఖ్య కారణమని పరిశోధకులు భావించారు.

ఆ సగటును నమ్మి, ఏడాదికి జానెడే కదా అనుకోకూడదు. చరియ జానెడు జానెడు తరగదు. ఏళ్ళ తరబడి ఏమీ జరగదు, ఒక రాత్రి కొన్ని మీటర్లు ఒక్కసారిగా పోతాయి. దగ్గర్లోనే ఉన్న 162 మీటర్ల బీచీ హెడ్ వద్ద డెవిల్స్ చిమ్నీ అని పేరుపడ్డ సుద్ద స్తంభం 2001 ఏప్రిల్లో అలాగే పోయింది.

తీరంలోని తోరణాలు ఇంకా అల్పాయుష్షువి. సముద్రంలోకి చొచ్చుకొచ్చిన రాతి ముక్కుకు రెండు పక్కలా గుహలు పడి, అవి మధ్యలో కలిస్తే తోరణం. తోరణం నడుం విరిగితే స్తంభం. స్తంభం కూలితే నీళ్ళలో ఒక దిబ్బ. ఆస్ట్రేలియాలోని విక్టోరియా తీరంలో లండన్ బ్రిడ్జ్ అనే జంట తోరణంలో ఒడ్డు వైపు కమాను 1990 జనవరి 15న కూలినప్పుడు ఇద్దరు సందర్శకులు అవతలి ముక్క మీద చిక్కుకుపోయారు. వాళ్ళను హెలికాప్టర్‌లో తీసుకురావాల్సి వచ్చింది. అదే తీరంలోని ట్వెల్వ్ అపోజిల్స్ స్తంభాల్లో దాదాపు 50 మీటర్ల ఎత్తున్న ఒకటి 2005 జూలై 3న కొద్ది క్షణాల్లో రాళ్ళకుప్ప అయింది. మాల్టా దేశపు గోజో దీవిలో లక్షలాది ఫోటోలకు నెలవైన అజ్యూర్ విండో 2017 మార్చి 8 ఉదయం తుఫాను గాలుల్లో పూర్తిగా మాయమైంది, స్తంభం కూడా మిగల్లేదు. గలాపగోస్‌లోని డార్విన్స్ ఆర్చ్ 2021 మే 17న పడింది. ఇవేవీ విపత్తులు కావు. తోరణం అనేది గుహకూ స్తంభానికీ మధ్య ఉండే ఒక దశ, మనం ఆ దశలో దాన్ని చూశాం, అంతే. తిరుమల కొండ మీది శిలాతోరణం మాత్రం వేరే కోవకు చెందుతుంది. అది గట్టి క్వార్ట్‌జైట్ రాయి, దాన్ని గాలీ వానా చెక్కాయి. రోజూ కెరటాల దెబ్బ తినదు కనుక దాని గడియారం చాలా నెమ్మది.

తెలుగు తీరం పొడవు వెయ్యి కిలోమీటర్ల దరిదాపు ఉన్నా అందులో చరియలున్న భాగం బహు తక్కువ. కృష్ణా గోదావరులు తెచ్చి పోసిన ఒండ్రు మీద చరియ ఎక్కడి నుంచి వస్తుంది? అక్కడ తీరమంటే ఇసుక, మడ అడవి, ఉప్పుటేరు. తూర్పు కనుమలు సముద్రం దాకా వచ్చి ముక్కు ముంచే చోటు విశాఖపట్నం. డాల్ఫిన్స్ నోస్, కైలాసగిరి, రుషికొండ, తొట్లకొండ, ఆపైన భీమిలి. ఈ కొండల రాయి పేరు ఖొండలైట్. ఒకప్పటి సముద్రపు బురద భూమి లోతుల్లోకి కూరుకుపోయి, సుమారు 100 కోట్ల ఏళ్ళ కిందట 900 డిగ్రీలు దాటిన వేడిలో ఉడికి, గార్నెట్, సిల్లిమనైట్, గ్రాఫైట్ నిండిన రాయిగా మారింది. విరిగిన బండను దగ్గర నుంచి చూస్తే కుంకుమరంగు చుక్కలు కనిపిస్తాయి. అవే గార్నెట్లు. వాటిలోని ఇనుము తుప్పు పట్టటం వల్లనే ఈ కొండలు అంత ఎర్రగా ఉంటాయి. రాయి అరిగిపోయాక కూడా గార్నెట్ గింజలు మిగిలి తీరానికి చేరతాయి. రుషికొండ, భీమిలి దగ్గర తడి ఇసుక మీద కెరటం గీసినట్టు కనిపించే ఊదా, నలుపు చారలు గార్నెట్, ఇల్మెనైట్ రేణువులే. బరువెక్కువ కాబట్టి తేలికపాటి ఇసుకను కెరటం వెనక్కి లాక్కుపోయినా ఇవి అక్కడే ఆగిపోతాయి. విశాఖ వెళ్ళినవాళ్ళు కొండల వైపే కెమెరా ఎత్తుతారు గానీ, నన్నడిగితే ఆ చారలను మోకాళ్ళ మీద కూర్చుని తీసిన ఫోటోలోనే కొండ కథ ఎక్కువ ఉంటుంది.

భీమిలికి ఇవతలి ఎర్రమట్టి దిబ్బలు ఈ తీరంలో ప్రత్యేకమైన ప్రకరణం. తీరం వెంట సుమారు 5 కిలోమీటర్ల పొడవున పరుచుకున్న ఈ దిబ్బల గురించి 1886లో మొదట రాసినవాడు భారత భూగర్భ సర్వే అధికారి విలియం కింగ్. ఆ కింగ్ పేరు తెలంగాణకూ తెలుసు. 1871లో ఇల్లెందు ప్రాంతంలో బొగ్గు ఉందని కనిపెట్టి సింగరేణికి దారితీసింది ఆయనే. మరో ముచ్చట: నియాండర్తల్ మానవుడికి 1864లో శాస్త్రీయ నామం పెట్టిన ఐర్లండ్ ప్రొఫెసర్ విలియం కింగ్ ఈయన తండ్రి. తండ్రి ఎముకల్లో, కొడుకు మట్టిలో పేరు మిగుల్చుకున్నారు.

దిబ్బల ఇసుక ఇప్పటి సముద్రం తెచ్చింది కాదు. గత మంచుయుగం ముమ్మరంగా ఉన్నప్పుడు, సుమారు 20 వేల ఏళ్ళ కిందట, ప్రపంచపు నీరు హిమానీనదాలుగా గడ్డకట్టటంతో సముద్ర మట్టం ఇప్పటికన్నా దాదాపు 120 మీటర్లు కిందికి దిగింది. ఇవాళ పడవలు తిరిగే చోట ఆనాడు ఆరిన ఇసుక మైదానం. గాలి ఆ ఇసుకను ఎత్తి తెచ్చి కనుమల పాదాల దగ్గర పోసింది. తరవాత వేల ఏళ్ళ వానలకు ఇసుకలోని గార్నెట్ వంటి ఖనిజాలు శిథిలమై, వాటిలోని ఇనుము ఆక్సైడ్‌గా మారి, వేరుశనగ గింజకు బెల్లంపాకం పట్టినట్టు ప్రతి రేణువుకూ ఎర్రటి పొరగా పట్టింది. లోపలి రేణువు తెల్లటి క్వార్ట్జే. ఈ దిబ్బలను కోతలుగా, లోయలుగా, నిట్టనిలువు గోడలుగా చెక్కింది ప్రధానంగా వాననీటి వాగులు. అడుగున ఉన్నది గట్టి రాయి కాదనీ, పాకం పట్టిన ఇసుక మాత్రమేననీ గుర్తుంచుకుంటే గట్టు మీదికెక్కి దూకుతూ రీళ్ళు తీసేవాళ్ళు ఏం చేస్తున్నారో అర్థమవుతుంది. ఒక్క అడుగుకు రాలిన అంచు మళ్ళీ అతుక్కోదు. సినిమా యూనిట్లూ, తవ్వకాలూ, ఆక్రమణలూ చాలవన్నట్టు ఇదొకటి. వాగు అడుగున నడుస్తూ పైకి చూసి తీస్తే దిబ్బకు హానీ ఉండదు, ఫోటోలో గోడల ఎత్తూ తెలుస్తుంది. వాన కురిసేటప్పుడూ, కురిసిన వెంటనే మాత్రం ఆ వాగుల్లోకి దిగకూడదు. తడిసిన ఇసుక గోడలు ముందుగా చెప్పి పడవు.

కేరళలోని వర్కల చరియ గురించి 1882లో రాసిందీ ఈ కింగే. ఇసుకరాయి, బంకమన్ను, పైన లాటరైట్ టోపీ, పొర మీద పొర. వర్కల చరియకు ముప్పు కెరటాల నుంచే కాదు, నెత్తిన ఇంకే నీటి నుంచి కూడా. నీరు లాటరైట్, ఇసుకరాయి పొరల్లోంచి సులువుగా దిగి, బంకమన్ను దగ్గర ఆగి, పక్కకు తిరిగి చరియ ముఖం మీద ఊటలుగా బయటికొస్తుంది. ఊట చుట్టూ మన్ను మెత్తబడి జారుతుంది. చరియ అంచునే కాఫీ తాగుతూ సూర్యాస్తమయం చూడటం అక్కడి ముఖ్య ఆకర్షణ. అంచు మీద ఎన్ని కట్టడాలు లేస్తే అంత వాడకం నీరు కిందికి దిగుతుంది. 2025 సెప్టెంబరులో యునెస్కో తాత్కాలిక జాబితాలో భారత్ చేర్చిన ఏడు ప్రకృతి వారసత్వ స్థలాల్లో వర్కల, ఎర్రమట్టి దిబ్బలు, తిరుమల కొండలు మూడూ ఉన్నాయి.

వర్కలలో సాయంత్రం బాగుంటే విశాఖలోనూ బాగుంటుందని చాలామంది అనుకుంటారు. అది కెమెరా పట్టినవాళ్ళు మన తీరంలో తరచూ చేసే పొరపాటు. వర్కల పడమటి సముద్రం వైపు తిరిగి ఉంది. మన చరియలు తూర్పు దక్షిణాల వైపు తిరిగి ఉన్నాయి. సాయంత్రానికి సూర్యుడు కనుమల వెనక్కి పోతాడు, చరియ ముఖం నీడలో పడుతుంది, ఆకాశపు నీలం మాత్రమే దాని మీద పడి ఎర్రమట్టి కూడా వెలవెలబోతుంది. విశాఖకు వెలుతురు పొద్దున్నే. దిగంతం దగ్గరున్న సూర్యుడి కాంతి నడినెత్తి మీది కాంతి కన్నా దాదాపు 38 రెట్లు మందమైన గాలిని దాటి రావాలి. ఆ దారిలో నీలం, వంకాయ రంగులు చెదిరిపోయి ఎరుపు, నారింజ మిగులుతాయి. ఇనుప ఆక్సైడ్ కూడా నీలాన్ని మింగి ఎరుపును తిప్పికొట్టేదే. వచ్చేదీ ఎరుపే, తిరిగి వెళ్ళేదీ ఎరుపే కావటంతో సూర్యోదయమైన కాసేపు దిబ్బలు నిప్పు అంటుకున్నట్టు కనిపిస్తాయి. ఫోన్ మాత్రం ఇదేదో తప్పు రంగు అనుకుని సరిదిద్ది చల్లార్చేస్తుంది. వైట్ బ్యాలెన్స్‌ను ఆటో నుంచి తీసి ఎండ గుర్తు మీద పెడితే ఆ బెడద ఉండదు. ఎక్స్‌పోజర్ కొంచెం తగ్గించటం కూడా మంచిది, లేకపోతే ఎరుపు ఒక్కటే నిండిపోయి మట్టి గీతలన్నీ ముద్దగా కలిసిపోతాయి.

పొద్దున్నే అంటే సరిపోదు, ఏ నెలలో పొద్దున్నే అన్నది కూడా చూసుకోవాలి. విశాఖ అక్షాంశం దగ్గర జూన్‌లో సూర్యుడు నికరమైన తూర్పుకు 25 డిగ్రీలు ఉత్తరంగా, డిసెంబరులో 25 డిగ్రీలు దక్షిణంగా ఉదయిస్తాడు. తీరమేమో నైరుతి నుంచి ఈశాన్యానికి ఏటవాలుగా పోతుంది. అందుచేత డిసెంబరు వెలుతురు చరియకు దాదాపు ఎదురుగా వచ్చి పడుతుంది. రంగు బాగుంటుంది, కానీ నీడలు లేక రాతి ముఖం చదునుగా కనిపిస్తుంది. జూన్ వెలుతురు తీరాన్ని రాసుకుంటూ పక్కగా వస్తుంది, ప్రతి పగులుకూ నీడ పడుతుంది, కానీ అప్పటికి నైరుతి మబ్బులు దిగుతాయి. మార్చిలో సూర్యుడు నికరంగా తూర్పున లేస్తాడు, వెలుతురు చరియ మీద సుమారు 45 డిగ్రీల ఏటవాలుగా పడుతుంది, ఆకాశమూ తేటగా ఉంటుంది. రంగూ పొరలూ రెండూ కావాలంటే మార్చి.

నీటి అడుగున బండలు కనిపించాలంటే పోలరైజర్ ఫిల్టర్ కావాలి. నీటి మీద ప్రతిఫలించే మెరుపు పూర్తిగా ధ్రువీకరణ చెందేది ఒకే కోణంలో. కెమెరా దిగంతం నుంచి సుమారు 37 డిగ్రీలు కిందికి చూస్తున్నప్పుడు ఫిల్టర్ తిప్పితే మెరుపు మాయమై లోపలి రాళ్ళు తేలుతాయి. కైలాసగిరి వంటి ఎత్తైన చోటి నుంచి ఒడ్డు దగ్గరి నీటిని తీసేటప్పుడు ఇది బాగా పనికొస్తుంది.

ఇక కెరటాల సంగతి. దీన్ని కాస్త వివరంగానే చెప్పాలి, ఎందుకంటే ఫోటో దిగుతూ పోయిన ప్రాణాల్లో కొండ మీంచి పడి పోయినవాటి కన్నా నీళ్ళలో పోయినవే ఎక్కువ. 2018లో మన దేశ పరిశోధకులు వార్తాకథనాలు కూర్చి చూస్తే, 2011 అక్టోబరు నుంచి 2017 నవంబరు దాకా సెల్ఫీలు తీసుకుంటూ ప్రపంచవ్యాప్తంగా 137 ఘటనల్లో 259 మంది మరణించినట్టు తేలింది. దేశాల్లో మనదే మొదటి స్థానం, కారణాల్లో మునిగిపోవటానిది మొదటి స్థానం.

రాతి మీద నిలబడి అరగంట చూశాక కెరటాలు ఎంతవరకు వస్తున్నాయో తెలిసిపోయిందనిపిస్తుంది. తెలియదు. సముద్రంలో ఏ సమయంలోనూ ఒకే ఎత్తు కెరటాలుండవు. మొత్తం కెరటాల్లో అన్నిటికన్నా పెద్దవైన మూడోవంతు తీసుకుని, వాటి సగటును ఆనాటి కెరటం ఎత్తుగా వాతావరణ శాస్త్రజ్ఞులు చెబుతారు. వెయ్యి కెరటాలు వస్తే వాటిలో అతిపెద్దది దానికి దాదాపు రెట్టింపు ఉంటుంది. పది సెకన్లకు ఒకటి చొప్పున వెయ్యి కెరటాలంటే మూడు గంటలు కూడా పట్టదు. ఎత్తు రెట్టింపైతే శక్తి నాలుగింతలు. ఈ పెద్ద కెరటం రాక్షసి కాదు, దారితప్పి వచ్చిందీ కాదు, లెక్క ప్రకారం రావాల్సిందే వచ్చింది.

ఆకాశం నిర్మలంగా ఉండటం కూడా భరోసా కాదు. దక్షిణ మహాసముద్రంలో, అంటార్కిటికా వైపు వీచే పెనుగాలులకు పుట్టిన దీర్ఘ కెరటాలు సుమారు 7 వేల కిలోమీటర్లు ప్రయాణించి, సుమారు వారానికి బంగాళాఖాతం చేరతాయి. ఒడ్డున ఆకు కదలని రోజున అవి రావచ్చు. నడిసముద్రంలో వాటి శిఖరానికీ శిఖరానికీ మధ్య 300 మీటర్ల దూరం ఉంటుంది కనుక పడవలో ఉన్నవాడికి కూడా తెలియవు. లోతు తగ్గేచోట అవి వేగం తగ్గి, ఎత్తు పెరిగి, వంగుతాయి. సముద్రంలోకి పొడుచుకొచ్చిన కొండ ముక్కు ముందు లోతు ముందే తగ్గుతుంది కాబట్టి రెండు పక్కల నుంచీ కెరటాలు దాని వైపే తిరిగి శక్తినంతా అక్కడ గుమ్మరిస్తాయి. వంపుల్లోకి వచ్చేసరికి అదే శక్తి పలచబడుతుంది. అందుకే ముక్కు దగ్గర బండలు మిగులుతాయి, వంపులో ఇసుక చేరుతుంది. ఫోటో కోసం మనం వెతుక్కుంటూ వెళ్ళేదీ ఆ ముక్కుకే.

ఈ దీర్ఘ కెరటాలను కనిపెట్టి హెచ్చరికలు జారీచేసే సంస్థ హైదరాబాద్‌లోనే ఉంది. 1999లో ఏర్పడిన ఇన్‌కాయిస్, అంటే భారత జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం, సముద్రం లేని ఊళ్ళో కూర్చుని దేశమంతటి సముద్రాన్నీ కాచుకుంటుంది. దాని వెబ్‌సైట్‌లో ఏ తీరంలో ఏ రోజు కెరటం ఎత్తెంతో చూసుకోవచ్చు. చేపల వేటకు వెళ్ళేవాళ్ళు చూసుకుంటున్నారు, విహారానికి వెళ్ళేవాళ్ళు హోటల్ రేటింగులతో సరిపెట్టుకుంటున్నారు. పోటూ ఆటూ కూడా ముందే తెలిసే విషయమే. విశాఖలో అమావాస్య, పౌర్ణమి రోజుల్లో ఈ తేడా ఒకటిన్నర మీటరు దరిదాపు. సెవెన్ సిస్టర్స్ కింద అది 6 మీటర్ల దాకా ఉంటుంది. అక్కడ ఆటు వేళ చరియ అడుగున నడకకు బయల్దేరి గంటలు మరిచినవాళ్ళకు తిరుగుదారి నీళ్ళలో మునిగిపోతుంది, వెనక నిట్టనిలువు గోడ. ఇక చోటు ఎంచుకునేటప్పుడు చూడాల్సింది ఒక్కటే. తడిగా ఉన్న బండ మీదికి కెరటం వచ్చి వెళ్ళింది, మళ్ళీ వస్తుంది. పాచి పట్టి నల్లగా నిగనిగలాడే బండ మీదికి రోజూ వస్తోంది.

విశాఖలో డ్రోన్ ఎగరేసే ఉద్దేశముంటే అది నౌకాదళం ఉన్న ఊరని మరవకూడదు. ముందు డ్రోన్ల కోసం ప్రభుత్వం ఇచ్చే పటంలో నిషిద్ధ ప్రాంతాలు చూసుకోవాలి.

షట్టర్ వేగం విషయంలో నాకో గట్టి అభిప్రాయం ఉంది. ముదురు ఫిల్టర్ తగిలించి అర నిమిషం ఎక్స్‌పోజర్ ఇచ్చి సముద్రాన్ని పొగమంచులా మార్చేయటం ఇప్పుడు పెద్ద ఫ్యాషన్. చూడటానికి ప్రశాంతంగా ఉంటుంది, ఆ చరియను ఎవరు చెక్కారో మాత్రం తుడిచిపెట్టేస్తుంది. సెకనులో వెయ్యో వంతు పెడితే చినుకు చినుకూ గాలిలో ఆగిపోతుంది. దెబ్బ ఎంత గట్టిదో తెలుస్తుంది గానీ నీరు ఎటు పోయిందో తెలియదు. సెకనులో నాలుగో వంతు నుంచి ఒక సెకను దాకా పెట్టి, కెరటం వెనక్కి మళ్ళుతున్నప్పుడు తీస్తే, ఏ బండ సందులోంచి నీరు ఎలా జారుతోందో తెల్లటి గీతలు గీసినట్టు చూపిస్తుంది. కోత జరిగే దారులు అవే.

ఫోటోలు ఇప్పుడు శాస్త్రజ్ఞులకు ముడిసరుకు కూడా. ఒకే చరియను పక్కపక్క స్థానాల నుంచి, ఒకదానిమీద ఒకటి సగానికి పైగా కలిసేలా కొన్ని పదుల ఫోటోలు తీస్తే, వాటిలో ఉమ్మడి బిందువులను పోల్చి కంప్యూటర్ ఆ చరియ త్రీడీ రూపాన్ని కట్టేస్తుంది. ఏడాది తరవాత మళ్ళీ తీసి రెండు రూపాలనూ కలిపి చూస్తే ఎంత రాయి, ఎక్కడ రాలిందో ఘనపు మీటర్లలో తేలుతుంది. ఒకప్పుడు దీనికి ఖరీదైన లేజర్ పరికరాలు అవసరమయ్యేవి. 2017లో సిడ్నీలో మొదలైన కోస్ట్‌స్నాప్ పథకం ఇంకా సులువైన దారి పట్టింది. తీరం కనిపించే చోట ఒక స్టీలు పీట పాతారు. వచ్చిపోయేవాళ్ళు అందులో ఫోన్ ఆనించి ఒక ఫోటో తీసి పంపుతారు. స్థానం మారదు, కోణం మారదు, మారేది తీరమే. తీసిన సమయాన్ని బట్టి పోటు ఎంతుందో లెక్కకట్టి, దాన్ని మినహాయించి, ఒడ్డు ఎంత ముందుకొచ్చిందో ఎంత వెనక్కి పోయిందో గుర్తిస్తారు. ఆ పద్ధతి ఆ తరవాత మరెన్నో దేశాలకు పాకింది.

స్టీలు పీట లేకపోయినా మామూలు ఫోటో పనికొస్తుంది, రెండు షరతుల మీద. తీసిన తేదీ, సమయం ఫైలులో చెరగకుండా ఉండాలి. వాట్సాప్‌లో చేతులు మారిన ఫోటోల్లో సాధారణంగా ఆ వివరాలు మిగలవు కాబట్టి అసలు ఫైలు దాచుకోవాలి. రెండోది, ఫ్రేములో కదలని వస్తువు ఏదైనా పడాలి. సముద్రమూ ఆకాశమూ మాత్రమే ఉన్న ఫోటోను ఏ తీరానికీ అతికించలేం. ఒక మైలురాయి, గుడి గోపురం, భీమిలిలోనైతే పాత లైట్‌హౌస్, వీటిలో ఏ ఒక్కటి మూలన కనిపించినా కొలతకు ఆధారం దొరుకుతుంది. దానికోసం నాలుగడుగులు వెనక్కి వెయ్యాల్సి వస్తుంది.